నాన్నగారు కూర్చున్నాక కూడా వినిపిస్తున్న పద్యం

పల్నాడు ప్రాంతంలోని ఒక ఊరి నుంచి ఒక ఉపాధ్యాయిని నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు ప్రచురించవద్దని కోరారు. సారాంశం ఇది.

ఆమె తండ్రికి 74 ఏళ్లు. వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో పద్యనాటకాలు ఆడారు. చాలాకాలం విరామం తర్వాత ఈ ఏడాది శివరాత్రికి తమ ఊరి వేదిక మీద మళ్లీ కిరీటం పెట్టారు. రెండు గంటల ప్రదర్శనను ఈమె ఫోన్‌ను స్టాండుకు బిగించి, చార్జరు తగిలించి, మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేశారు. నాన్నగారికి ఫోన్‌లో చూడటం ఇష్టం లేదు. ఆయనకు అలవాటైంది డీవీడీ ప్లేయరు, దాని రిమోటు. అందుకని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వీడియోను డీవీడీగా మార్చారు. మొదటి ఐదు నిమిషాలు చూసుకుని, బాగానే వచ్చిందనుకుని, బంధువులను పిలిచి టీవీలో వేశారు. మొదటి పద్యం బాగుంది. తర్వాత తర్వాత నోటికీ మాటకూ పొంతన తప్పింది. ఆఖరి రంగానికి వచ్చేసరికి నాన్నగారు పద్యం ముగించి, ఉత్తరీయం సర్దుకుని, సింహాసనం మీద కూర్చున్నాక కూడా ఆయన రాగం వినిపిస్తూనే ఉంది. గదిలో ఎవరో నవ్వారు. ఆయన ఏమీ అనలేదు. రాత్రి భార్యతో మాత్రం, 'హార్మోనియం ఒక దారి, నేను ఒక దారి పోయినట్టున్నాను, వయసైపోయింది' అన్నారట.

టౌనులోని స్టూడియో యజమాని 'ఫోన్‌తో తీస్తే ఇంతే, దీన్ని బాగుచేయలేం' అన్నాడు. హైదరాబాద్‌లో ఉంటున్న తమ్ముడు 'ఈ రోజుల్లో డీవీడీ ఏమిటక్కా, పెన్ డ్రైవులో వేసి ఇచ్చెయ్' అంటున్నాడు. ఇదికాక 1996 నాటి వీహెచ్‌ఎస్ క్యాసెట్టు ఒకటి ఉంది, అందులోనూ నాన్నగారి నాటకమే. దాన్ని అదే స్టూడియోలో కంప్యూటర్‌కు ఎక్కించారు. అక్కడ తేడా వేరేగా ఉంది. బొమ్మ చెదిరిన ప్రతిచోటా శబ్దం కాస్త వెనకబడుతుంది, తర్వాత అలాగే ఉండిపోతుంది. వచ్చే నెలలో పాత నాటక సమాజం వాళ్లంతా కలుస్తున్నారు. వాళ్లకు పది డిస్కులు ఇవ్వాలని ఈమె కోరిక. తప్పు ఎక్కడ జరిగింది, ఏం చేయాలి అన్నది ప్రశ్న.

సమాధానం:

ముందు నాన్నగారి సంగతి చూద్దాం. అది ఆలస్యం చేయకూడదు. మీ ఫోన్‌లో అసలు రికార్డింగు ఇంకా ఉంటే, దాన్ని తెరిచి ఆఖరి రంగం ఒక్క పద్యం ఆయనకు చూపించండి. ఫోన్ ఇష్టం లేకపోయినా రెండు నిమిషాలు చూస్తారు. అందులో నోరూ మాటా కలిసే ఉంటాయని దాదాపు ఖాయంగా చెప్పగలను. మీ ఉత్తరంలోని వివరాలు అలాగే ఉన్నాయి. ఆయన తాళం తప్పలేదని ఆయన కళ్లతోనే ఆయన చూసుకుంటారు. మీకు కూడా అదే మొదటి పరీక్ష. ఫోన్‌లో సరిగ్గా ఉండి డీవీడీలో తప్పితే పొరపాటు మార్పిడిలో జరిగినట్టు. ఫోన్‌లోనే తప్పి ఉంటే రికార్డింగులో జరిగినట్టు. ఈ రెంటికీ మందులు వేరు.

ఒక జాగ్రత్త చెప్పాలి. మీరు డీవీడీగా మార్చింది ఫోన్‌లోని అసలు ఫైలునేనా, లేక వాట్సాప్‌లో తమ్ముడికి పంపి మళ్లీ తెచ్చుకున్న కాపీనా? మీ ఉత్తరంలో అది స్పష్టంగా లేదు. వాట్సాప్ వీడియోగా పంపిన ఫైలును కుదించి, దాని లెక్కలు మార్చేస్తుంది. పని మొత్తం అసలు ఫైలు మీదే జరగాలి. కేబుల్ పెట్టి కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. ఫోన్‌లోది మాత్రం అన్నీ అయ్యేదాకా చెరపకండి.

ఇప్పుడు మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన వాక్యానికి వస్తాను. 'అరగంట దగ్గర సుమారు రెండు సెకన్లు, గంట దగ్గర మూడున్నర, చివర ఏడు సెకన్ల తేడా ఉంది' అని రాశారు. ఇలా కొలిచి రాసేవాళ్లు అరుదు. 'ఆడియో కలవడం లేదు, ఏం చేయాలి' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు చాలామంది. సింక్, అంటే బొమ్మా శబ్దమూ కలిసి నడవడం, తప్పితే అది ఒకే జబ్బు కాదు. మొదటి నుంచి చివరిదాకా తేడా ఒకేలా ఉంటే అది ఒక రకం. పోనుపోను పెరుగుతూ ఉంటే ఇంకో రకం. కొన్నిచోట్ల ఉన్నట్టుండి గెంతితే మూడో రకం. మీ ఫోన్ వీడియో రెండో రకం, క్యాసెట్టు మూడో రకం. ఒకదాని చిట్కా ఇంకొకదానికి పనికిరాదు. ఎవరో చెప్పిన సలహా పాటించి పని పాడుచేసుకునేది ఎక్కువగా ఇక్కడే.

మీ అంకెలను ఒకసారి లెక్కగా చూడండి. గంటకు 3,600 సెకన్లు. మూడున్నర సెకన్ల తేడా అంటే వెయ్యికి ఒకటి. అరగంటకు 1.8, రెండు గంటలకు 7.2 రావాలి. మీ కొలతలు దాదాపు అక్కడే ఉన్నాయి. ఈ వెయ్యికి ఒకటి నాకు పాత పరిచయం. 1953లో అమెరికాలో రంగుల టీవీ ప్రమాణాన్ని ఖాయం చేసినప్పుడు, రంగు సంకేతం శబ్ద సంకేతానికి అడ్డుతగలకుండా సెకనుకు 30 ఫ్రేముల (వరసగా చూపే నిశ్చల బొమ్మల) వేగాన్ని వెయ్యిన్నొకటో వంతు తగ్గించారు. అలా 30 కాస్తా 29.97 అయింది. ఆ అంకె ఇప్పటికీ కెమెరాలను, ఫోన్లను, సాఫ్ట్‌వేర్లను వదల్లేదు. మీ ఫోన్ సెకనుకు సగటున 29.97 ఫ్రేముల చొప్పున తీసి ఉంటే, మార్పిడి సాఫ్ట్‌వేరు దాన్ని 30 అనుకుని ఉంటే, బొమ్మ రోజుకు దాదాపు ఒకటిన్నర నిమిషం ముందుకు పరిగెత్తే గడియారంలా నడుస్తుంది. శబ్దం తన వేగాన తాను వస్తుంది. అందుకే నాన్నగారు ముందు కూర్చుంటున్నారు, పద్యం తర్వాత ముగుస్తోంది.

అయితే సరిగ్గా ఇదే జరిగిందని ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పలేను. ఫోన్లకు ఇంకో అలవాటు ఉంది. సినిమా కెమెరాలా సమానమైన ఎడంతో ఫ్రేములు తీయాలని అవి పట్టుబట్టవు. వెలుతురు తగ్గితే ఒక్కో ఫ్రేముకు ఎక్కువసేపు కాంతిని పట్టి, సెకనుకు తీసే ఫ్రేములను తగ్గించుకుంటాయి. వేడెక్కినా తడబడతాయి. చార్జరు తగిలించి రెండు గంటలు ఆపకుండా తీసిన ఫోన్ బాగానే వేడెక్కి ఉంటుంది. ప్రతి ఫ్రేమును ఏ క్షణంలో చూపాలో ఫైలులో రాసి ఉంటుంది కాబట్టి ఫోన్‌లో చూసినప్పుడు ఏ లోపమూ కనిపించదు. డీవీడీ మాత్రం ఈ సడలింపు ఒప్పుకోదు. మన దేశంలో వాడే పాల్ పద్ధతిలో సెకనుకు కచ్చితంగా 25 ఫ్రేములు, అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో 29.97 ఉండాలి. మంచి సాఫ్ట్‌వేరు ఫైలులో రాసి ఉన్న సమయాలను చదివి, అవసరమైనచోట ఫ్రేమును వదిలేసి లేదా రెండుసార్లు వేసి లెక్క సరిచేస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ సమయాలను పట్టించుకోకుండా ఫ్రేములను వరసగా పేర్చుకుంటూ పోతాయి. మీరు వాడింది అలాంటిదేమోనని నా అనుమానం.

దీన్ని తేల్చడానికి మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేరు చాలు. అసలు ఫైలును అందులో తెరిచి మూడు సంగతులు చూడండి. ఫ్రేమ్ రేట్ మోడ్ అన్నచోట 'వేరియబుల్' అని ఉందా, 'కాన్‌స్టంట్' అని ఉందా? ఫ్రేమ్ రేటు ఎంత? వీడియో నిడివి, ఆడియో నిడివి సమానంగా ఉన్నాయా? తర్వాత మీరు తయారుచేసిన డీవీడీలోని ఫైళ్ల నిడివి కూడా చూడండి. అసలు ఫైలులో రెండు నిడివులూ సమానంగా ఉండి, డీవీడీలో వీడియో ఏడు సెకన్లు పొట్టిగా ఉంటే ఇక వాదనే లేదు. ప్రదర్శనను ఫోన్ ముక్కలు ముక్కలుగా దాచి ఉంటే ప్రతి ముక్కనూ చూడండి.

స్టూడియో ఆయన 'ఫోన్‌తో తీస్తే ఇంతే' అనడంలో సగం నిజముంది. ఫోన్ ఫైళ్లు ఇబ్బంది పెడతాయి. 'బాగుచేయలేం' అన్నది మాత్రం నిజం కాదు. అందుకని ఆయనతో గొడవ పెట్టుకోకండి. క్యాసెట్టు విషయంలో ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లాల్సి రావచ్చు.

ఇక దారులు. నేనైతే మొదటిదాన్నే పట్టుకుంటాను. కానీ మీ కంప్యూటరు, మీ ఓపిక నాకు తెలియవు కాబట్టి మిగతావీ చెబుతాను.

మొదటి దారిలో అసలు ఫైలును నేరుగా డీవీడీ సాఫ్ట్‌వేరుకు ఇవ్వరు. మధ్యలో ఒక శుభ్రమైన కాపీ తయారుచేస్తారు. వీడియోలను మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. దాని వీడియో పేజీలో 'కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేటు' అనే ఎంపికను తప్పనిసరిగా పెట్టాలి. పక్కన ఫ్రేమ్ రేటు 25 ఎంచుకోండి. ఆడియోకు శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచారన్న లెక్క) 48 కిలోహెర్ట్జ్ పెట్టండి, డీవీడీలో శబ్దం ఆ రేటులో ఉండటం తప్పనిసరి. నాణ్యత మీటను 18 దగ్గర ఉంచండి. ఫైలు పెద్దదవుతుంది, ఫరవాలేదు. అలా వచ్చిన కాపీని డీవీడీ స్టైలర్ లాంటి సాఫ్ట్‌వేరుకు ఇచ్చి పాల్ డీవీడీ చేయండి. ఫ్రేముల ఎడం అప్పటికే సమానమైపోయింది కనుక ఆ సాఫ్ట్‌వేరు తప్పు చేయడానికి అవకాశం ఉండదు. నష్టమేమిటంటే వీడియో రెండుసార్లు కుదింపుకు లోనవుతుంది, కంప్యూటరు పాతదైతే ఒక రాత్రంతా పని చేయాల్సి వస్తుంది. డీవీడీ బొమ్మ ఎలాగూ 720, 576 చుక్కల పరిమాణానికి తగ్గుతుంది కాబట్టి ఆ మొదటి కుదింపు నష్టం కంటికి ఆనదు.

ఇందులోనే చిన్న మెలిక ఒకటుంది. 30కి దగ్గరగా ఉన్న వీడియోను 25కి దించితే ప్రతి ఆరు ఫ్రేములలో ఒకటి పోతుంది. పద్యనాటకంలో నటుడు నిలబడి చేయి చాపి పాడేటప్పుడు అది తెలియదు. కత్తియుద్ధం, నాట్యం ఉన్నచోట కదలిక కాస్త తడబడినట్టు అనిపించవచ్చు. అది నచ్చకపోతే ఫ్రేమ్ రేటు 29.97 పెట్టి ఎన్‌టీఎస్‌సీ డీవీడీ చేసుకోవచ్చు. కదలిక సాఫీగా ఉంటుంది, బొమ్మలో గీతలు 576 నుంచి 480కి తగ్గుతాయి. మన దగ్గర అమ్ముడైన ప్లేయర్లలో చాలావరకు రెండు పద్ధతులనూ ఆడిస్తాయి. కానీ సమాజం వాళ్లలో ఎవరి ఇంట్లోనైనా బాగా పాత డబ్బా టీవీ ఉంటే రంగులు పోయి నలుపు తెలుపులో రావచ్చు, బొమ్మ పైకీ కిందకీ జారవచ్చు. పది మందికి పంచేటప్పుడు పాల్ క్షేమం.

రెండో దారి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేరు. ఇది ఫైలులోని సమయాలను గౌరవిస్తుంది, మధ్య కాపీ లేకుండా ఒకే ఆజ్ఞతో పాల్ డీవీడీకి తగిన ఫైలు ఇస్తుంది. 25 ఫ్రేములు, 48 కిలోహెర్ట్జ్, డీవీడీలో వాడే ఏసీ-3 రకం శబ్దం, బిట్‌రేటు (సెకనుకు పట్టే సమాచారం) హద్దులు అన్నీ దానంతట అదే సర్దుకుంటుంది. కానీ మీటలు, బొమ్మలు ఉండవు. నల్లటి తెర మీద ఆజ్ఞలు టైపు చేయాలి. మీ తమ్ముడు సాఫ్ట్‌వేరు ఉద్యోగంలో ఉన్నట్టు రాశారు కదా, ఈ పని ఆయనకు అప్పగించండి. 'డీవీడీ ఏమిటక్కా' అన్నవాడికి కూడా పని చేతిలో పెడితే ఆసక్తి పుట్టవచ్చు.

మూడో దారి, బొమ్మను ముట్టుకోకుండా శబ్దాన్ని కుదించడం. అసలు ఫైలు పోయి, ఇప్పుడున్న డీవీడీ ఒక్కటే మిగిలిందనుకోండి, అప్పుడు ఇదే గతి. శబ్దాన్ని సవరించే ఆడాసిటీ సాఫ్ట్‌వేరులో దాన్ని తెరిచి వేగాన్ని వెయ్యికి ఒకటి, అంటే 0.1 శాతం పెంచాలి. రెండు గంటల శబ్దం ఏడు సెకన్లు తగ్గి బొమ్మతో సమానమవుతుంది. ఆడాసిటీలో వేగం మార్చడం, లయ మార్చడం అని రెండు పనిముట్లు ఉన్నాయి. లయ మార్చేది శ్రుతిని అలాగే ఉంచడానికి శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి అతుకుతుంది, హార్మోనియం లాంటి నిలకడ స్వరం మీద ఆ అతుకులు వినిపించే ప్రమాదం ఉంది. వేగం మార్చేదాన్నే వాడండి. శ్రుతి మారుతుందేమోనని భయపడవద్దు. ఒక స్వరస్థానానికీ పక్క స్వరస్థానానికీ మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే, ఈ మార్పు రెండు భాగాలకు కూడా రాదు. ఏ హార్మోనిస్టూ పట్టుకోలేడు. ఇదే 24 ఫ్రేముల సినిమాను 25కి పరిగెత్తించినప్పుడైతే డెబ్బై భాగాలు పెరుగుతుంది, గాయకుడి చెవికి అది ఇట్టే దొరుకుతుంది. ఈ దారిలో చిక్కు ఏమిటంటే, తేడా సమానంగా పెరిగితేనే ఇది పనిచేస్తుంది. మీ ఫోన్ మసక వెలుగు రంగంలో ఒక వేగాన, దర్బారు రంగంలో ఇంకో వేగాన తీసి ఉంటే చివర కలుస్తుంది, మధ్యలో ఎక్కడో తప్పుతుంది. కనీసం అయిదారు చోట్ల సరిచూసుకోవాలి.

శాంపిల్ రేటు తప్పిందేమో అని కూడా అడిగారు. కాదు. 44.1 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని 48గా పొరబడి ఆడిస్తే రెండు గంటల నాటకం గంటా యాభై నిమిషాలకే అయిపోతుంది, నాన్నగారి గొంతు ఒకటిన్నర మెట్టు పైకి వెళ్తుంది. అప్పుడు మీకు నా అవసరం ఉండదు, గదిలో అందరికీ తెలిసిపోతుంది.

ఇప్పుడు మిమ్మల్ని దెబ్బతీసిన అసలు చోటుకు వస్తాను. మొదటి ఐదు నిమిషాలు చూసి బాగుందనుకున్నారు. పెరిగే రకం తేడా ఐదు నిమిషాలకు 0.3 సెకను మాత్రమే ఉంటుంది. దూరం నుంచి తీసిన నాటకంలో దాన్ని ఎవరు గమనిస్తారు? కాబట్టి ఈసారి పరీక్ష చివరి నుంచి మొదలుపెట్టండి. డిస్కు రాయకముందే కంప్యూటర్‌లో తయారైన వీడియో_టీఎస్ ఫోల్డరును (డీవీడీ ఫైళ్లు ఉండేది) వీఎల్‌సీ వీడియో ప్లేయర్‌లో తెరిచి, ఆఖరి రంగానికి వెళ్లండి. పెదవులను చూడకండి, రాగం తీస్తున్నప్పుడు నోరు ఎలాగూ తెరిచే ఉంటుంది. తబలా మీద చేయి పడటం, రాజు గద నేలకు తాటించడం, ప్రేక్షకుల్లో ముందు వరసవాళ్లు చప్పట్లు కొట్టడం చూడండి. దెబ్బ కనిపించే క్షణం, వినిపించే క్షణం ఒకటైతే చాలు. ఆఖర్లో కలిస్తే మధ్యలో రెండు చోట్ల, మొదట్లో ఒకచోట చూసి ముగించండి. వీఎల్‌సీలో జె, కె మీటలు నొక్కితే శబ్దం 50 మిల్లీసెకన్ల చొప్పున ముందుకూ వెనక్కూ జరుగుతుంది. తేడా చిన్నదైతే ఎన్నిసార్లు నొక్కితే కలిసిందో లెక్కపెడితే కొలత దొరుకుతుంది. వీఎల్‌సీలో అలా జరిపినంత మాత్రాన ఫైలు మారదని మాత్రం గుర్తుంచుకోండి.

ఎంత తేడా దాకా సహించవచ్చు? అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య టీవీ ప్రసారాలకు ఇచ్చిన సిఫారసులో, శబ్దం బొమ్మకంటే సుమారు 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకబడినా చూసేవాళ్లు గుర్తుపట్టడం మొదలుపెడతారని ఉంది. ముందొచ్చిన శబ్దాన్ని మనం తొందరగా పట్టుకుంటాం, ఎందుకంటే లోకంలో ఎక్కడా అలా జరగదు. వెనకబడిన శబ్దం మనకు అలవాటే. వేదికకు ముప్ఫై నాలుగు మీటర్ల దూరంలో కూర్చున్నవాడికి నటుడి గొంతు పదోవంతు సెకను ఆలస్యంగానే చేరుతుంది. మీ ఫోన్ కూడా జనం వెనకాల ఉండి ఉంటుంది కనుక ఆ కాస్త ఆలస్యం రికార్డింగులోనే ఉండవచ్చు. దాని కోసం నిద్ర పాడుచేసుకోకండి.

క్యాసెట్టు సంగతి వేరు, కష్టం కూడా. బొమ్మ చెదిరినచోట టేపు నలిగో, అయస్కాంత పూత రాలిపోయో ఉంటుంది. అక్కడ బొమ్మ సంకేతం చెదిరేసరికి కంప్యూటర్‌కు ఎక్కించే పరికరం కొన్ని ఫ్రేములను జారవిడుస్తుంది. శబ్దం మాత్రం ఆగకుండా వెళ్లిపోతుంది. పాల్‌లో ఒక్క ఫ్రేము పోతే 40 మిల్లీసెకన్లు, పన్నెండు పదమూడు పోతే అర సెకను. ఆ లోటు తర్వాత పూడదు కాబట్టే 'అలాగే ఉండిపోతుంది' అని మీరు గమనించారు. ఇక్కడ మొత్తం శబ్దాన్ని జరిపితే మొదటి భాగం పాడవుతుంది, వేగం మార్చితే అంతా పాడవుతుంది.

మళ్లీ ఎక్కించడం ఒక మార్గం. స్టూడియో ఆయనను మర్యాదగా మూడు మాటలు అడగండి. బొమ్మ, శబ్దం ఒకే పరికరం ద్వారా ఎక్కించారా, లేక శబ్దం విడిగా సౌండ్ కార్డుకు వెళ్లిందా? ఎక్కించేటప్పుడు ఎన్ని ఫ్రేములు జారాయో సాఫ్ట్‌వేరు చూపించిందా? టైమ్ బేస్ కరెక్టరు, అంటే టేపు సంకేతంలోని సమయపు తడబాటును సరిచేసే పరికరం, ఉందా? మూడోది చిన్న ఊళ్లలో దొరకడం కష్టమే. కానీ వీసీఆర్‌లో టేపును చదివే హెడ్లు శుభ్రం చేసి, ఇంకో వీసీఆర్‌లో వేసి చూసినా ఒక్కోసారి తేడా వస్తుంది. వర్చువల్‌డబ్ లాంటి సాఫ్ట్‌వేర్లలో జారిన ఫ్రేముల స్థానాన్ని ఖాళీగా పోనివ్వకుండా నింపే ఏర్పాటు ఉంది. ముందు మాత్రం క్యాసెట్టు మూత ఎత్తి, చుట్ట అంచుల మీద తెల్లటి బూజు మచ్చలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఎవరి మాటా విని మళ్లీ ఆడించవద్దు. బూజు హెడ్లకు అంటుకుంటుంది, టేపు ఇంకా పాడవుతుంది. శుభ్రం చేయడం తెలిసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లాలి.

రెండో మార్గం చేత్తో సరిచేయడం. షాట్‌కట్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో తెరిచి, బొమ్మ చెదిరిన ప్రతిచోటా కోత పెట్టి, అక్కడి నుంచి బొమ్మను అవసరమైనంత వెనక్కి జరపాలి. మధ్యలో వచ్చే ఖాళీని ముందరి మంచి ఫ్రేముతో నింపాలి. అర సెకను బొమ్మ నిలిచిపోతుంది, అంతే. కొందరు దీనికి బదులు శబ్దంలోంచి అర సెకను కోసేస్తారు. పద్యాల మధ్య నిశ్శబ్దంలోనో చప్పట్లలోనో అయితే సరే. ఆలాపన నడుస్తుండగా కోస్తే ఆ గాయం ప్రతిసారీ వినిపిస్తుంది. పద్యనాటకాన్ని జనం చెవులతో చూస్తారు. బొమ్మను ఆపండి, గొంతును కోయకండి. ఇలాంటి చోట్లు ఐదారు ఉంటే ఒక ఆదివారం పని. ముప్ఫై నలభై ఉంటే మళ్లీ ఎక్కించడమే నయం. క్యాసెట్టు వీడియోను హ్యాండ్‌బ్రేక్ గుండా మాత్రం పంపకండి. వీహెచ్‌ఎస్ బొమ్మ సరి, బేసి గీతలుగా అల్లి ఉంటుంది, డీవీడీ ఆ అల్లికను ఉన్నదున్నట్టు చూపగలదు. హ్యాండ్‌బ్రేక్ దాన్ని విప్పేసి కదలికను మొద్దుబార్చవచ్చు.

టీవీ తప్పేమో అన్న మీ అమ్మగారి అనుమానానికి ఒక్క మాట. కొత్త ఎల్‌సీడీ టీవీలు బొమ్మను సవరించుకోవడానికి కొద్ది మిల్లీసెకన్లు తీసుకుంటాయి. శబ్దం విడిగా హోమ్ థియేటర్‌కు వెళ్తే అది కాస్త ముందు వినిపిస్తుంది. కానీ ఆ తేడా మొదటి నిమిషం నుంచే ఉంటుంది, ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, ఏడు సెకన్లకు చేరదు. టీవీని వదిలేయండి.

ఇక మీకూ తమ్ముడికీ మధ్య నలుగుతున్న డీవీడీ, పెన్ డ్రైవు వాదన. ఇద్దరి మాటలోనూ పస ఉంది. డెబ్బై దాటిన మనిషికి చేతికి అలవాటైన రిమోటు, డిస్కు పెట్టగానే మొదలయ్యే నాటకం చిన్న సౌకర్యం కాదు. ఆయన ఎవరినీ పిలవకుండా తన పద్యం తాను వినగలగాలి. పెన్ డ్రైవు పెట్టే రంధ్రం చాలా డీవీడీ ప్లేయర్లకు ఉంది గానీ, అవి ఎక్కువగా పాత రకం ఏవీఐ, ఎంపెగ్ ఫైళ్లనే ఆడిస్తాయి. ఫోన్ తీసే ఎంపీ4 పెడితే 'ఈ ఫైలు చెల్లదు' అంటాయి. మరోవైపు, ఇంట్లో రాసిన డిస్కులు ఎంతకాలం నిలుస్తాయో భరోసా లేదు. కొన్ని కొద్ది ఏళ్లకే మొరాయిస్తాయి. అందుకని డీవీడీని నాన్నగారి కోసం చేయండి, అసలు ఫైలునూ, సరిచేసిన కాపీనీ రెండు వేరు వేరు హార్డ్ డిస్కుల్లో దాచండి. ఒకటి మీ దగ్గర, ఒకటి తమ్ముడి దగ్గర. సమాజం వాళ్లలో మనవళ్లు స్మార్ట్ టీవీ పెట్టుకున్నవాళ్లు ఉంటే వాళ్లకు పెన్ డ్రైవే ఇవ్వండి. తమ్ముడి మాట కూడా నెగ్గినట్టవుతుంది.

నాటకాన్ని, క్యాసెట్టును ఒకే డిస్కులో ఇరికించాలన్న ఆలోచన మానుకోండి. 4.7 జీబీ డిస్కులో రెండు గంటల నాటకానికి సెకనుకు దాదాపు ఐదు మెగాబిట్లు దక్కుతాయి, అది చక్కగా సరిపోతుంది. ఇంకో గంటన్నర కలిపితే అది మూడుకు జారి, కిరీటం అంచులు, తెర మీది మడతలు గళ్లు గళ్లుగా విరుగుతాయి. రెండు డిస్కులు చేయండి. పది ప్రతులు ఒకేసారి రాయకండి. మొదట చెరిపి మళ్లీ రాసే ఆర్‌డబ్ల్యూ డిస్కు ఒకటి కొని, దాని మీద రాసి నాన్నగారి ప్లేయర్‌లోనే చివరిదాకా ఆడించండి. ఎక్కడైనా తప్పితే చెరిపి మళ్లీ రాయవచ్చు. అన్నీ కుదిరాక మామూలు డీవీడీ-ఆర్ డిస్కుల మీద, గరిష్ఠ వేగంతో కాకుండా 4ఎక్స్ లేదా 8ఎక్స్‌లో రాయండి. పాత ప్లేయర్లు అలాంటివాటిని తేలిగ్గా చదువుతాయి. డిస్కు మీద కాగితం లేబుళ్లు అంటించవద్దు, తూకం తప్పి తిరిగేటప్పుడు ఊగుతాయి. సీడీ మార్కర్‌తో పేరు రాస్తే చాలు.

మీడియాఇన్ఫోలో ఏం కనిపించిందో, క్యాసెట్టులో ఎన్నిచోట్ల గెంతు ఉందో మళ్లీ రాయండి. ఫ్రేమ్ రేటు మోడ్ 'కాన్‌స్టంట్' అని వచ్చి, అయినా మొదటి దారిలో చివర తేడా మిగిలితే, తేడా ఎంతో పోయినసారి లాగే నాలుగు చోట్ల కొలిచి పంపండి. ఆ అంకెలు చూశాకే మిగతాది చెప్పగలను.